ఏడు చుట్లు

"టీ" అన్న మాట మూడొందల పన్నెండో చుట్టు దగ్గర వచ్చింది.

నాకు మాటలు అలాగే గుర్తుంటాయి. తేదీలు గుర్తుండవు, ఏ మాట ఏ చుట్టు దగ్గర పడిందో మాత్రం గుర్తుంటుంది. సీలింగ్ ఫ్యాను కాలిపోతే లోపలి తీగంతా తీసేసి కొత్త రాగి తీగ చుట్టాలి. ఒక్కో కాయిల్‌కి నాలుగొందల చుట్లు, ఒక్కో ఫ్యానుకి ఇరవై ఎనిమిది కాయిళ్ళు. కుడిచేత్తో మెషిన్ పిడి తిప్పుతూ, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య నుంచి వెంట్రుకంత తీగని వదులుతూ, లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ పోవాలి. మెషిన్‌కి లెక్క చూపించే ముల్లు ఒకటి ఉండేది. నేను కాపరానికి వచ్చేసరికే అది విరిగి ఉంది. కొత్తది వేయించమంటే మా ఆయన, పేరు గురువులు, "నీకు నోరున్నాది కదేటి, ముల్లెందుకు" అన్నాడు. అది నూట నలభయ్యో చుట్టు దగ్గర.

ఈ బెంగాలీ మహానగరంలో మా ఏక్‌బాల్‌పూర్ సందులో వైండింగ్ చేసే ఇళ్ళు పది దాకా ఉన్నాయి. బెంగాలీలు, బీహారీలు, శ్రీకాకుళం నుంచి ఓడరేవులో డాక్ పనికొచ్చి పని పోయాక ఇందులోకి దిగిన మా వాళ్ళు. ఈ సందుకో పద్ధతుంది. మిస్త్రీ మెషిన్ మీద ఉండగా ఎవరైనా పిలిస్తే అతను తలెత్తకుండా "గోనా చోల్ఛే" అంటాడు. మా ఇళ్ళల్లో "లెక్కలో ఉన్నాను" అంటాం. ఆ మాట విన్నాక ఎంతటివాడైనా గుమ్మం అవతలే నిలబడిపోవాలి. కరెంటు కంపెనీ మనిషి నిలబడ్డాడు, చావు కబురు తెచ్చినవాడూ నిలబడ్డాడు. లెక్క తప్పితే చుట్టిందంతా విప్పెయ్యాలి, విప్పిన తీగ మళ్ళీ పనికిరాదు. అందుకే ఆ మర్యాద.

ఆ మర్యాద మగవాళ్ళకే. గురువులు వారానికో రోజు సరదా పుట్టి మెషిన్ ముందు కూచుంటే మా అత్త అప్పాయమ్మ గిన్నె చప్పుడు కూడా కానివ్వదు. మిగతా ఆరు రోజులూ చుట్టేది నేను. నేను చుడుతుంటే టీ కావాలి, తువ్వాలు కావాలి, చేపలవాడు వచ్చాడు చూడాలి, నీళ్ళ కుళాయి దగ్గర బిందె పెట్టి రావాలి. ఇరవై రెండేళ్ళలో నేను "లెక్కలో ఉన్నాను" అని ఒక్కసారీ అనలేదు. అనొచ్చని కూడా తోచలేదు. దాని బదులు లెక్కని నాలుక కింద దాచుకోవడం నేర్చుకున్నాను. మూడొందల పన్నెండుని నోట్లో పెట్టుకుని వెళ్ళి టీ కాచి, గ్లాసు చేతికిచ్చి, "పంచదార తక్కువైనాది" అనిపించుకుని, వచ్చి కూచుని మూడొందల పదమూడు అనగలను. ఈ విద్య నాకు తప్ప సందులో ఎవరికీ రాదు. దాని గురించి ఎవరికీ తెలియదు కూడా, ఎందుకంటే బయట బోర్డు మీద ఉన్నది గురువులు ఎలక్ట్రిక్ వర్క్స్. ఆ బోర్డు బెంగాలీలో ఉంటుంది. కార్పొరేషన్ స్కూల్లో ఎనిమిది దాకా చదివిన నేను రాసిస్తే పెయింటరు దిద్దాడు. మా ఆయనకి బెంగాలీ చదవడం రాదు. తన పేరే అక్కడుందని నా మాట మీద నమ్మాడు.

చుట్టిన సరుకు చాందినీ మార్కెట్లో దుకాణాలకి చేర్చాలి. అదీ నా పనే. ఆరు ఫ్యాన్ల మోటార్లు సంచిలో వేస్తే పన్నెండు కిలోలు. మినీ బస్సు ఎక్కగానే కండక్టరు సంచిని కాలితో తోసి, మాల్ దించండి, ఇది లారీ కాదు అంటాడు. ఆడవాళ్ళ సీట్లో కూచున్న ఆవిడ చీర సర్దుకుని నా వంక చూస్తుంది, నా చేతులకంటిన వార్నిష్ వాసనకి. నిలబడితే వెనక మోచేతులు. రెండు చేతులూ సంచిని పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ మోచేతుల్ని తోసెయ్యడానికి చెయ్యి ఉండదు. ఆ సంగతి మోచేతులకి తెలుసు. ఓసారి ఇంటికొచ్చి గురువులుతో చెప్పాను. నాలుగు రోజులు నువ్వెళ్ళు మావా అన్నాను. అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఈ వొయిసులో నిన్నెవడు ముట్టుకుంటాడే" అన్నాడు. రెండొందల ఆరు.

మా నాన్న బైరాగి దగ్గర ఓ బండి ఉండేది. గేర్లున్న చిన్న పెట్రోలు మోటారు సైకిలు, ఎవరో వాడి వదిలేస్తే కొన్నాడు. నాన్న కార్పొరేషన్‌లో మురుగు కాలవలు తోడే గ్యాంగులో పనిచేశాడు. బస్సులో పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారని బండి కొనుక్కున్నాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, నాతో ఒక్కసారి అన్నాడు. నాకు పదహారేళ్ళప్పుడు ఆదివారాలు లారీలు తిరగని వేళ డాక్ రోడ్డు మీదికి తీసుకెళ్ళి నాకు బండి నేర్పాడు. నేను నడుపుతుంటే వెనక కూచుని, భయపడకు తల్లీ, నీ వెనక నేనున్నాను కదా, పడితే ఇద్దరం పడతాం అనేవాడు. పెళ్ళిచూపులకొచ్చిన గురువులుకి ఈ సంగతి ఎవరో చేరవేశారు. బండెక్కే ఆడది మాకొద్దన్నారు. ఇకమీదట ఎక్కదని నాన్న మాటిచ్చాడు. ఇచ్చేటప్పుడు నా వంక చూడలేదు.

పోయిన వానాకాలం నాన్న పోయాడు. బండి నాకొచ్చింది. ఒక్కతే కూతుర్ని, కాయితాల మీద వారసురాలిని. ఇంజను అప్పటికే పట్టేసింది, స్టార్టయితే సందంతా పొగ. పైగా పాత బళ్ళని రోడ్డెక్కనివ్వొద్దని కోర్టు చెప్పిన ఏడాది అది, ఆటోలవాళ్ళు వీధుల్లో కూచుని గోల చేస్తున్నారు, కూడలి కూడలికీ పోలీసు నిలబడి పొగ చూస్తున్నాడు. మల్లిక్ బజారులో పాత సామానుకి వేసేద్దామన్నాడు గురువులు. ఉండనీ మావా అన్నాను. మా అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "కాలవ కంపు ఇంటిలోకి తెచ్చీసినాది" అంది. నాన్న బతికుండగా ఆవిడ ఆయనకి మంచినీళ్ళు స్టీలు గ్లాసులో ఇవ్వలేదు, పింగాణీ కప్పు ఒకటి విడిగా పెట్టింది. ఇవన్నీ నేను మర్చిపోతానని ఈ ఇంట్లో అందరి నమ్మకం.

ఆ చలికాలంలో అలీపూర్ నుంచి ఎవరో బ్యాటరీ స్కూటరు చక్రం ఒకటి తెచ్చి మా కొట్లో పడేశారు. మోటారు చక్రం మధ్యలోనే ఉంది, కాలి నల్లగా మాడిపోయి ఉంది. బాగుచెయ్యడం ఎవరికీ రాదని తెలిసి ఆ మనిషి మళ్ళీ రాలేదు. గురువులు దాన్ని మూలకి తన్నాడు. నాకు ఆగలేదు. ఒక మధ్యాహ్నం అంట్లు తోమాక విప్పి చూశాను. లోపల గుండ్రంగా ముప్పై ఆరు ఇనప పళ్ళు, ప్రతి పన్ను చుట్టూ తీగ. ఒక్క తీగ కాదు, పదకొండు తీగలు కలిపి ఒక తాడులా పట్టి చుట్టారు. చుట్లు ఎన్నా అని విప్పుతూ లెక్కపెట్టాను. ఏడు. రెండో పన్నూ ఏడే. కొన్ని పళ్ళకి కుడివైపు తిప్పి, కొన్నిటికి ఎడమవైపు. నా నోట్‌బుక్కులో బొమ్మ గీసుకున్నాను, పక్కన బెంగాలీలో రాసుకున్నాను. ఇరవై రెండేళ్ళు నాలుగొందలు లెక్కపెట్టినదానికి ఏడు అన్న అంకె ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నాన్న బండికి ఈ చక్రం వేద్దామని నేనే అన్నాను. ఇంజను తీసేసి ఆ చోట బ్యాటరీలు పెడితే పొగుండదు, పోలీసు ఆపడు. సరుకు దాని మీద వేసుకుని నేనే చాందినీ వెళ్ళొస్తాను. చివరి మాటకి గురువులు పడీపడీ నవ్వాడు. తల్లిని పిలిచి మరీ చెప్పి నవ్వించాడు. వారం తిరిగేసరికి ఆ ఆలోచన అతనిదైంది. టీ కొట్టు దగ్గర చెబుతుంటే నేనే విన్నాను, తనకి నిద్రలో తట్టిందట. ఇంజను విప్పి పాత సామానుకి వేశాడు, నన్నడగలేదు. సందు చివర వెల్డింగు వాడితో వెనక ఫోర్కు వెడల్పు చేయించాడు, ఇంజను స్థానంలో నాలుగు బ్యాటరీలు పట్టే ఇనప బుట్ట పెట్టించాడు, చాందినీలో కంట్రోలర్ డబ్బా కొన్నాడు. ఆ పని మట్టుకు బాగానే చేశాడు, లేదనను. చక్రంలో మోటారు చుట్టడం నాకొదిలాడు.

ఫ్యాను తీగే వెయ్యి, పన్నుకి నాలుగొందలు చుట్టు అన్నాడు. పాతది ఏడే ఉంది మావా, లావు తీగ కట్టగా ఉంది అన్నాను. "ఏడు సుట్లతో ఏ మోటారు తిరుగుద్దే? మోటారంటే మోటారే. నాకు నేర్పుతావేటి" అన్నాడు. ఫ్యాన్లు చుట్టిన చేతులకి ప్రతి మోటారూ ఫ్యానే అనిపిస్తుంది, మా సందులో ఏ మిస్త్రీ అయినా ఆ తప్పే చేస్తాడు. చెప్పినట్టే చుట్టాను. పద్నాలుగు వేల నాలుగొందల చుట్లు, తొమ్మిది రోజులు. స్విచ్చి వేస్తే చక్రం మూలిగింది, కదిలింది, ముసలి మనిషి మెట్లెక్కినట్టు తిరిగింది. మా అత్త చూపుడు వేలు పెడితే ఆగిపోయింది. గురువులు వేలి వంక చూశాడు, చక్రం వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. "నీ సెయ్యి పడినాది కదా, ఇంకేటి తిరుగుద్ది" అన్నాడు. ఎక్కడో వైరు లూజుందని తేల్చి, ఊళ్ళో పొలం తగువుంటే పదిహేను రోజులకి శ్రీకాకుళం వెళ్ళాడు.

అతను రైలెక్కిన మర్నాడు ఆ తొమ్మిది రోజుల పనినీ కత్తిరించి పారేశాను. పదకొండు తీగలు కలిపి పట్టి, నోట్‌బుక్కు ముందు పెట్టుకుని, పన్ను పన్నుకీ ఏడు. మెషిన్ మీద అయ్యే పని కాదు, చేత్తోనే లాగి బిగించాలి. వేళ్ళ మీద తీగ కోసుకుపోయి పసుపు అద్దుకుని చుట్టాను. అత్త చూసి, మొగుడు లేని వేళ మొగుడి పని చెడగొడుతున్నావని అరిచింది. అరిచినంతసేపూ చుట్టాను. ఆరో రోజు స్విచ్చి వేస్తే చక్రం ఒక్క ఉదుటున లేచింది. వేలు పెట్టు అత్తా అన్నాను. పెట్టలేదు.

ఆ ఆదివారం పొద్దున్న డాక్ రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. చప్పుడు లేదు, పొగ లేదు. గేర్లు లేవు, పిడి తిప్పితే వెళ్తోంది. మొదట భయమేసింది, తర్వాత ఏడుపొచ్చింది, గార్డెన్ రీచ్ మలుపు దాటాక నవ్వొచ్చింది. నాకు నలభై ఒక్కేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా నా కాళ్ళు నన్ను తీసుకెళ్ళిన చోటల్లా ఎవరో పంపిన చోటే. ఆ పొద్దున్న మాత్రం ఎవరూ పంపలేదు.

గురువులు ఊరి నుంచి వచ్చి, స్క్రూడ్రైవరు పెట్టి ఒక వైరు బిగించి స్విచ్చి వేశాడు. చక్రం ఎగిరింది. "సూసినావా? వైరే లూజు" అన్నాడు. తీగ మార్చాను మావా, ఏడు చుట్లు వేశాను అన్నాను. సర్లే, అన్నం పెట్టు అన్నాడు. రెండోసారి చెప్పాను. ఊరి నుంచి తెచ్చిన తెలుగు పేపరు తిరగేశాడు. మూడోసారి చెప్పకూడదనుకున్నాను.

అప్పట్నుంచీ బండి అతనిది. సాయంత్రం టీ కొట్టుకి, ఆదివారం బంధువుల ఇళ్ళకి, పనీపాటా లేకపోయినా ఊరికే సందు చివరిదాకా. నేను సంచి ఎత్తుకుని బస్సుకే. చార్జింగు పెట్టడం, బ్యాటరీల్లో నీళ్ళు పొయ్యడం, బురద తుడవడం నా పని. కరెంటుతో నడిచే బండి అని సందంతా చెప్పుకుంటాడు గాని ఆ కరెంటు రోజూ ఎవరు ఎక్కిస్తే ఎక్కుతోందో ఎప్పుడూ ఆలోచించలేదు. అన్నం గురించి ఆలోచించాడా, దీని గురించి ఆలోచించడానికి. ఓసారి చాందినీకి బండిస్తావా అని అడిగాను. "నీ బరువుకి బేటరీ దిగిపోద్ది" అన్నాడు. ఆ రోజు తీగ రెండుసార్లు తెగింది.

బిమల్ దా అప్పుడొచ్చాడు. బిమల్ దా అంటే మా పేటకి పార్టీ, క్లబ్బు, కుళాయి, రేషన్ కార్డు అన్నీను. మంచివాడని అంటారు, అది నిజమే కావచ్చు. నా పెళ్ళయిన కొత్తల్లో డాక్‌లో కూలీల్ని తీసేస్తుంటే మా సందు ఆడవాళ్ళందర్నీ తీసుకెళ్ళి గేటు ముందు కూచోబెట్టింది ఆయనే. మూడు రోజులు కూచున్నాం. మాకు ఒకటే మాట నేర్పాడు. అరవక్కర్లేదు, కొట్టుకోనక్కర్లేదు, లేవకండి, కూచున్న మనిషిని తొక్కుకుంటూ ఎవరూ పోలేరు. పోలేదు. గురువులు పేరు మళ్ళీ లిస్టులోకెక్కింది, ఆ పని పోయింది తర్వాతెప్పుడో. ఇంటికొచ్చాక మూడు రోజులు వంట మానేసినందుకు అత్త నాతో వారం మాట్లాడలేదు.

ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. క్లబ్బులో విజ్ఞాన మేళా పెడుతున్నాం, మన పేట కూలీ మనిషి చేసిన పొగలేని బండిని అందరికీ చూపిద్దాం అన్నాడు బిమల్ దా. గురువులు ఛాతీ విరుచుకున్నాడు. నేను చుడుతున్నాను. తొంభై ఒకటో చుట్టు దగ్గర గురువులు గొంతు తగ్గించి అన్న మాట వినిపించింది. మీ బావమరిదికి బండి నచ్చిందట కదా దాదా, మేళా అయ్యాక ఆయన్నే ఉంచుకోమనండి, బజారు ఫుట్‌పాత్ మీద నాకో స్టాలు చూపిస్తే చాలు. కాయితాలు మా ఆవిడ పేరన ఉన్నాయి, అదెంత పని, సంతకం పెడతాది. బిమల్ దా సరేనన్నాడు. వచ్చే ఆదివారం కాదు, పై ఆదివారం బావమరిది వచ్చి పట్టుకెళతాడన్నాడు.

తొంభై రెండు అనుకున్నాను. తొంభై మూడు రాలేదు. నా లెక్క తప్పడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. ఆ తీగంతా విప్పి చేతిలో ఉండ చేసి పట్టుకుని కూచున్నాను. నాన్న ముక్కులు మూసుకున్నవాళ్ళ మధ్య నుంచి తప్పించుకోడానికి కొనుక్కున్న బండి అది. నేను మోచేతుల మధ్య నుంచి తప్పించుకోడానికి ప్రాణం పోసిన బండి. దానికి ఫుట్‌పాత్ మీద ఆరడుగుల చోటు. కడుపు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ ఉంది, ఇది రాస్తుంటే కూడా ఉంది.

మేళా రోజు బండికి బంతిపూల దండ వేశారు. గురువులు మెడలో ఉత్తరీయం. నేను వెనక వరసల వెనక, చార్జరు సంచీ, అతని టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డాను. స్టేజీ మీద కాలేజీలో పాఠాలు చెప్పే ఓ పెద్దాయన్ని కూచోబెట్టారు. ఆయన లేచి బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, కుతూహలంగా అడిగాడు. కాలిన మోటారుని మళ్ళీ చుట్టారా? అద్భుతం. పన్నుకి ఎన్ని చుట్లు వేశారు?

గురువులు మైకులో, "చార్ శో పాక్, సార్" అన్నాడు. నాలుగొందల చుట్లు.

పెద్దాయన నవ్వలేదు, అదే ఆయన మర్యాద. నాలుగొందలైతే ఈ బండి తనంతట తాను ఈ స్టేజీ దాకా వచ్చి ఉండదే, ఓసారి గుర్తు తెచ్చుకోండి అన్నాడు. గురువులు నవ్వుమొహం అలాగే పెట్టుకుని నిలబడ్డాడు. అతని కళ్ళు జనంలో వెతికాయి. తువ్వాలు కనపడనప్పుడు వెతికే చూపు అది. ఆ చూపు నా మీద ఆగింది. ఎన్నిసార్లు చెప్పాను నీకు? రెండుసార్లు. ఒక్కసారీ చెవి పెట్టలేదు నువ్వు.

"శాత్" అన్నాను అక్కణ్ణుంచే. "ఎగారో తార్, శాత్ పాక్." పదకొండు తీగలు, ఏడు చుట్లు.

జనం తిరిగి చూశారు. పెద్దాయన కళ్ళజోడు తీసి, ఏ వైపు తిప్పి చుట్టారు అని నన్నడిగాడు. చెప్పాను. మీరేనా చుట్టింది అన్నాడు. నేను నోరు తెరిచేలోపు గురువులు మైకు దగ్గరకి లాక్కున్నాడు. నా భార్యే సార్, నేను చెప్పినట్టు చేస్తుంది, చెయ్యి సాయం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మంచి మొగుడని. ఉత్తరీయం అతని మెడలోనే ఉంది. మిఠాయి పెట్టె నా చేతికిచ్చారు, ఇంటికి మోసుకురావడానికి.

ఇంటికొచ్చి తలుపేశాక గురువులు నా చెంప మీద కొట్టాడు. పదిమందిలో మొగుడి పరువు తీసినందుకు. ఆ దెబ్బ ఏ చుట్టు దగ్గరా కాదు, అప్పుడు మెషిన్ ఆగి ఉంది. మా అత్త మంచం మీంచి, "ఏడో ఎనిమిదో, నోర్మూసుకుంటే నీ సొమ్మేటి పోయినాది" అంది. పోయింది అత్తా. చాలా పోయింది. అది నీకెలా చెప్పాలో నాకు తెలియదు, నీకూ ఏదో పోయే ఉంటుంది, నువ్వూ లెక్కపెట్టుకోలేదు.

పై ఆదివారం వచ్చింది. పొద్దున్నే లేచి వంట చేసేశాను. బండి లోపలి నడవాలో ఉంది. బయటికి రావాలంటే మా ఒక్క గుమ్మంలోంచే రావాలి. వైండింగ్ మెషిన్‌ని ఈడ్చుకొచ్చి గుమ్మంలో, సరిగ్గా గడపకి అడ్డంగా పెట్టాను. పీట వేసుకుని కూచున్నాను. పక్కన ఆరు ఫ్యాన్ల సరుకు. తాళం చెవి బొడ్లో దోపుకున్నాను.

తొమ్మిదింటికి బిమల్ దా వచ్చాడు, వెనక బావమరిది, చేతిలో కొత్త హెల్మెట్టు. గురువులు లోపల్నుంచి గబగబా వచ్చి నా వీపు వెనక నిలబడ్డాడు.

"లెగు. బండి తియ్యాల. టీ ఎట్టు దాదాకి."

నూట పదిహేడో చుట్టు. నా నాలుక కింద లెక్క ఎప్పటిలా దాక్కోబోయింది. దాక్కోనివ్వలేదు.

"లెక్కలో ఉన్నాను" అన్నాను. తలెత్తలేదు. సందంతటికీ వినపడాలని బెంగాలీలోనూ అన్నాను. "గోనా చోల్ఛే."

విచిత్రం చూడండి, బిమల్ దా ఆగిపోయాడు. నన్ను గౌరవించి కాదు, ఆ సందులో పుట్టి పెరిగిన మనిషి కాళ్ళకి ఆ మాట వింటే ఆగిపోవడం అలవాటు. బావమరిది ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఉండు, ఈ కాయిల్ కానీ అన్నాడు. ఎదురింటి మిస్త్రీ తలుపు దగ్గరకొచ్చి చూస్తున్నాడు. గురువులు చెయ్యి నా జుట్టు దాకా వచ్చిందని తెలుస్తోంది. అంతమంది ముందు, లెక్కలో ఉన్న మనిషి మీద పడలేక అది వెనక్కెళ్ళింది. పైకే లెక్కపెట్టాను. నూట పద్దెనిమిది. నూట పంతొమ్మిది. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

నాలుగొందలు అయింది. బిమల్ దా, "బౌదీ" అంటూ, వదినా అని, నోరు తెరిచాడు. కాయిల్ తీసి పక్కన పెట్టి, అదే చేత్తో తీగ కొస తగిలించి ఒకటి అన్నాను. ఆయన నోరు మూసుకున్నాడు. రెండో కాయిల్ అయింది, మూడోది మొదలెట్టాను. ఎండ సందులోకి దిగింది. బావమరిది హెల్మెట్టు చంక మార్చుకున్నాడు. నాలుగో కాయిల్ మధ్యలో బిమల్ దా మొహంలో ఏదో మారింది. గడప వంక, నా కూచోడం వంక చూశాడు. తను నేర్పిందే తన ముందు కూచుందని అప్పటికి తెలిసినట్టుంది.

"బండి ఈవిడ పేరనే అన్నావు కదా, సంతకానికి ఒప్పుకుందా?" అని గురువులుని అడిగాడు.

కాయిల్ పూర్తిచేసి, చెయ్యి ఆపి, తలెత్తి నేనే జవాబిచ్చాను. మా నాన్న బైరాగి పేరన దాదా, ఆయన తర్వాత నా పేరన. సంతకం పెట్టను. బిమల్ దా గడియారం చూసుకున్నాడు, మీటింగుందన్నాడు. మీ ఇంటి సంగతి మీరు తేల్చుకోండి, నన్నిందులోకి లాగకు అని గురువులుతో విసుగ్గా అని వెళ్ళిపోయాడు. బావమరిది వెనకే వెళ్ళాడు. ఎదురింటి తలుపు మూసుకోలేదు.

స్టాలు పోయినాది, కొంపకి శని పట్టినాది అని అత్త ఎత్తుకుంది. గురువులు నా వెనక నిలబడే ఉన్నాడు. ఇవాళ రాత్రి కొడతాడేమో, రేపు కొడతాడేమో. ఆ భయం ఉంది, లేదని అబద్ధం చెప్పను. భయంతోనే ఇన్నేళ్ళు లేచాను, ఇప్పుడు దాంతోనే కూచుంటాను.

"రేపట్నుంచి సరుకు బండి మీదెల్తాది మావా" అన్నాను. "నడిపేది నాను."

అతను ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"టీ."

కొత్త తీగ కొస తగిలించి పిడి పట్టుకున్నాను.

"ఒకటి" అన్నాను, పైకే.